నలుగురి కోసం వెతుకులాట

ఉదయం పదకొండు గంటలు. హైదరాబాద్ పడమటి వైపు ఐదు బ్లాకుల అపార్ట్‌మెంట్. ఎనిమిదింటికే పసుపు బస్సులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోయాయి. ఆటస్థలంలో జారుడుబల్ల ఎండకు కాగుతోంది. ఉయ్యాల గొలుసు గాలికి కిర్రుమంటోంది. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి ఆ ఉయ్యాల మీద కూర్చుని కాలి బొటనవేలితో మట్టిలో గీతలు గీస్తోంది. బడి మాన్పించి మూడు నెలలైంది. వాళ్లమ్మ ఇంట్లో అన్నీ అమర్చిపెట్టింది. పుస్తకాలున్నాయి, రంగులున్నాయి, భూతద్దం ఉంది, బాల్కనీ కుండీల్లో మొలకెత్తుతున్న ధనియాలున్నాయి. తోటి పిల్లలు మాత్రం లేరు.

ఆ ఇంట్లో నాయనమ్మకు ఈ వ్యవహారం మొదటి నుంచీ మింగుడుపడలేదు. అయినా ఆవిడ అడిగింది ఒక్కటే.

"అమ్మాయ్, చదువు సంగతి నువ్వు చూసుకుంటావు, నమ్ముతాను. మరి పిల్ల నలుగురిలో పెరగొద్దా?"

కోడలి దగ్గర లెక్కలకు జవాబుంది, సైన్సుకు జవాబుంది, రేపటి పదో తరగతి పరీక్షకూ జవాబుంది. దీనికి లేదు.

తెలుగులో ‘నలుగురు’ గొప్ప మాట. లెక్కకు నలుగురే, లోకమంతా అందులోనే ఉంటుంది. నలుగురూ ఏమనుకుంటారో అని భయపడతాం. నలుగురితో నారాయణా అని సర్దుకుపోతాం. పిల్ల నలుగురిలో మెలగాలని ఆశపడతాం. బడి మాన్పించిన ఇంటికి, ఏమనుకుంటారో అని భయపెట్టే నలుగురు మొదటి రోజే వచ్చేస్తారు. పెద్దత్త ఫోన్ చేస్తుంది, వాచ్‌మన్ అడుగుతాడు, లిఫ్టులో పక్క ఫ్లాటాయన "ఇవాళ సెలవా పాపా?" అంటాడు. పిల్లకు తోడుగా ఉండే నలుగురిని మాత్రం వెతుక్కోవాలి. అన్‌స్కూలింగ్‌లో అసలు పని ఆ వెతుకులాటే. పాఠం చెప్పాలా వద్దా అన్నది దాని తర్వాతి సంగతి.

హోమ్‌స్కూలింగ్, అన్‌స్కూలింగ్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. మొదటి దానిలో సాధారణంగా బడే ఇంటికి వస్తుంది. సిలబస్ ఉంటుంది, టైంటేబుల్ ఉంటుంది, అమ్మో నాన్నో టీచర్ అవుతారు. రెండో దానిలో ముందుగా గీసిన సిలబస్ ఉండదు. పిల్ల చీమల వెంట పడితే చీమలు, రైళ్ల వెంట పడితే రైళ్లు. అక్కడి నుంచి లెక్కలూ చదవడమూ రాయడమూ అవసరం కొద్దీ వచ్చి చేరతాయన్న నమ్మకం మీద ఇల్లు నడుస్తుంది. ఆ నమ్మకానికి ఇల్లొక్కటే చాలదు. చీమల గురించి ఒక్కతే ఎంతసేపు మాట్లాడుకుంటుంది? ఆ మాట వినే ఇంకో పిల్ల కావాలి, కాదని వాదించే పిల్లాడు కావాలి, అలిగి వెళ్లి మళ్లీ వచ్చే స్నేహం కావాలి.

అన్‌స్కూలింగ్ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది అమెరికాకు చెందిన జాన్ హోల్ట్. 1923లో న్యూయార్క్‌లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గామిలో పనిచేశాడు. ఆ తర్వాత కొలరాడోలో, బోస్టన్‌లో పిల్లలకు చదువు చెప్పాడు. తోటి టీచర్ పాఠం చెబుతుంటే తాను పక్కన కూర్చుని, జవాబు కోసం తడుముకునే పిల్లల ముఖాలు చూసి నోట్సు రాసుకునేవాడు. అలా రాసుకున్నవే 1964లో ‘హౌ చిల్డ్రన్ ఫెయిల్’ అనే పుస్తకంగా వచ్చాయి. పిల్లల తెలివి లెక్క మీద కంటే టీచర్‌కు ఏ జవాబు కావాలో కనిపెట్టడం మీదే ఎక్కువ ఖర్చవుతోందని, దాని వెనుక భయం ఉందని ఆయన పట్టుకున్నాడు. మరో పదేళ్లకు పైగా బళ్లను బాగుచేయవచ్చన్న ఆశతో తిరిగాడు, రాశాడు, ఉపన్యాసాలిచ్చాడు. చివరికి ఆ ఆశ వదులుకుని, 1977 ఆగస్టులో బోస్టన్ నుంచి ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. ఆయనకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. పరాయి పిల్లల కోసమే ఆ పత్రిక.

అప్పటికి అమెరికాలో చాలాచోట్ల పిల్లల్ని ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం స్పష్టంగా ఒప్పుకునేది కాదు. బడి వదిలే వేళ దాకా పిల్లల్ని వీధిలోకి రానివ్వకుండా దాచిపెట్టుకున్న ఇళ్లుండేవి. ఆ ఇళ్లకు ముందు కావలసింది ధైర్యం. తమలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిస్తేనే ఆ ధైర్యం వస్తుంది.

హోల్ట్ సిద్ధాంతాల గురించి ఎంతో రాశారు. ఆయన పత్రిక చివరి పేజీల గురించి రాసింది తక్కువ. ఆ పేజీల్లో ఒక చిరునామాల పట్టిక వచ్చేది. రాష్ట్రాల వారీగా కుటుంబాల పేర్లు, ఇంటి చిరునామా, పక్కన పిల్లల పేర్లు. పేరు పక్కన వయసు ఉండదు, పుట్టిన సంవత్సరం ఉంటుంది. వయసు ఏటా మారుతుంది, పుట్టిన ఏడు మారదు కాబట్టి పట్టికను ప్రతిసారీ దిద్దక్కర్లేదు. కొన్ని పేర్ల పక్కన ‘హెచ్’ అన్న అక్షరం. ముందుగా ఉత్తరం రాసి వస్తే ఆ దారిన వెళ్లే తోటి కుటుంబాలకు మా ఇంట్లో ఆతిథ్యం ఇస్తామని దాని అర్థం. ఆ ఒక్క అక్షరాన్ని నమ్మి మనిషి ముఖం కూడా చూడని ఇంటికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లవచ్చు. ఇంకా కొన్ని జాబితాలు వచ్చేవి. సాయం చేయడానికి ముందుకొచ్చిన టీచర్లు, ఈ విషయం తెలిసిన లాయర్లు, ఇలాంటి కుటుంబాలతో సామరస్యంగా ఉండే స్కూల్ జిల్లాలు. బడిని విడిచిపెట్టిన మనిషి బడితో స్నేహంగా ఉండే చోట్లను కూడా ఓపిగ్గా గుర్తించి అచ్చువేశాడు. తగవు పెట్టుకోవడం కంటే మనుషుల్ని కలపడం ఆయనకు ముఖ్యం.

చందా విషయంలోనూ అంతే. తొలి ఏళ్లలో ఆరు సంచికలకు పది డాలర్లు. అదే చిరునామాకు రెండేసి ప్రతులు తెప్పించుకుంటే పన్నెండు, మూడేసి అయితే పద్నాలుగు. అంటే రెండో ఇంటికి చందా రెండు డాలర్లే పడుతుంది. తక్కువలో వస్తుందన్న ఆశతోనైనా మనిషి తన ఊళ్లో ఇంకొకరిని వెతుక్కుంటాడు. పత్రిక ఎవరింటికి వస్తే ఆ ఇంటికి మిగతావాళ్లు వెళ్లి తెచ్చుకుంటారు. వెళ్లినప్పుడు పిల్లలు వెంట ఉంటారు, పెద్దలు గడపలో నిలబడి మాట్లాడుకుంటారు, లోపల పిల్లలు ఆటలో పడతారు. ఒక ధరల పట్టికతో ఇన్ని గడపల్ని కలిపిన ఆ ఆలోచనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

నలుగురిని కలిపే ఈ ఆలోచనకు ఒక మూలం మెక్సికోలో ఉంది. క్వెర్నవాకా ఊళ్లో ఇవాన్ ఇలిచ్ నడిపిన కేంద్రానికి హోల్ట్ వెళ్లి వచ్చాడు. ఇలిచ్ 1971లో ‘డీస్కూలింగ్ సొసైటీ’ రాశాడు. బళ్లను తప్పుబట్టడంతో సరిపెట్టకుండా, వాటి స్థానంలో ఏముండాలో కూడా అందులో చెప్పాడు. నేర్చుకోవడానికి కావలసిన వస్తువులు అందరికీ అందాలి. పని తెలిసినవాళ్ల వివరాలు అందరికీ దొరకాలి. ఒకే విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఒకరినొకరు కలుసుకోగలగాలి. దారి చూపే పెద్దలెవరో తెలియాలి. నలుగురిని కలపడానికి కంప్యూటర్ వాడవచ్చని ఆ రోజుల్లోనే రాశాడు. హోల్ట్ అంత దూరం పోలేదు. కాగితం, తపాలా బిళ్ల, ‘హెచ్’ అన్న ఒక అక్షరంతో ఆ పనిలో కొంత చేసి చూపించాడు. 1985లో ఆయన పోయాక కూడా సహచరులు పత్రికను 2001 దాకా నడిపారు. 1993 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. 1999లో అక్కడి ప్రభుత్వ సర్వే లెక్కకు ఇంట్లో చదివే పిల్లలు దాదాపు 8.5 లక్షలు తేలారు. వాళ్లందరూ అన్‌స్కూలింగ్ పిల్లలు కారు, అందులో ఎక్కువమంది ఇంట్లో బడి పెట్టుకున్నవాళ్లే.

మన తల్లి దగ్గరికి వద్దాం. ఆమె చేతిలో బోస్టన్ పట్టిక లేదు. రెండో కుటుంబం ఆమెకు లైబ్రరీలో దొరికింది. పనిదినం, మధ్యాహ్నం పన్నెండున్నర, పిల్లల పుస్తకాల అరల దగ్గర తన కూతురు కాక ఇంకో పిల్లాడు నేల మీద బోర్లా పడుకుని బొమ్మల పుస్తకం చూస్తున్నాడు. బడి వేళ లైబ్రరీలో కనబడిన పిల్లాడు ఆ తల్లికి ఎడారిలో బావి కనబడినట్టు కనబడ్డాడు. ఇద్దరు తల్లులూ పది నిమిషాలు తటపటాయించి, ఆ తర్వాత రెండు గంటలు మాట్లాడుకున్నారు. మూడో కుటుంబం ఆ రెండో వాళ్ల ద్వారా వచ్చింది. బుధవారం పదకొండింటికి, పార్కులో, పెద్ద మర్రిచెట్టు కింద అని నిర్ణయించుకున్నారు.

ఒకే రోజు, ఒకే చోటు, ఒకే వేళ. దేశం ఏదైనా ఇలాంటి గుంపులు నిలబడింది ఈ మొండి నియమం మీదే. అమెరికాలో దీన్ని పార్క్ డే అంటారు. ఈ వారం ఎవరికి వీలు, ఎక్కడ కలుద్దాం అని ప్రతిసారీ అడగడం మొదలైతే మూడో నెలకు అడిగే మనిషి అలసిపోతుంది. ఎవరు వచ్చినా రాకపోయినా ఒక ఇల్లు ఆ చెట్టు కింద ఉండి తీరాలి. ఈ తల్లి వరుసగా నాలుగు బుధవారాలు కూతురితో ఒక్కతే కూర్చుంది. ఒక వారం వాన పడితే గొడుగు కింద కూర్చుంది. ఐదో బుధవారం రెండు ఇళ్లు వచ్చాయి. వాన రోజున కూడా ఆమె అక్కడుందని విన్నవాళ్లు ఆ తర్వాత వస్తూనే ఉన్నారు.

ఆరు నెలలు తిరిగేసరికి ఏడు ఇళ్లు, పదమూడు మంది పిల్లలు. అప్పుడొచ్చింది అసలు పరీక్ష. పిల్లలు ఎలాగూ ఒకచోట చేరుతున్నారు కదా, ఒక గంట లెక్కల క్లాసు పెడదామని ఒక తండ్రి అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. మాస్టారు కుదిరారు, ఇంటికింత అని డబ్బు వేసుకున్నారు. డబ్బు కట్టాక రాకపోతే నష్టం కాబట్టి హాజరు చూడటం మొదలైంది. హాజరు చూశాక ఎవరు ఎంత నేర్చారన్న పోలిక వచ్చింది. చిన్నవాళ్లు అల్లరి చేస్తున్నారని వాళ్లను వేరే చెట్టు కిందికి పంపారు. పార్కులో రెండు తరగతులు వెలిశాయి. లైబ్రరీలో దొరికిన ఆ పిల్లాడు బుధవారం ఉదయం కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు బడికి వెళ్లాల్సిన రోజుల్లో వాడికి వచ్చిన కడుపునొప్పే అది. వాళ్లమ్మ గుర్తుపట్టింది.

ఆ క్లాసు ఆపేశారు. ఆపడానికి గట్టి వాదనే జరిగింది, ఒక ఇల్లు గుంపు నుంచి వెళ్లిపోయింది కూడా. ఇలాంటి గుంపులు చాలావరకు ఇక్కడే విడిపోతాయి, లేదా ఇక్కడే చిన్నపాటి ప్రైవేటు బడిగా మారిపోతాయి. పిల్లలు అడిగి పెట్టించుకున్న క్లాసు వేరు, పెద్దల బెంగ తీర్చుకోవడానికి పెట్టిన క్లాసు వేరు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తేడా పిల్లాడి కడుపునొప్పిలో తెలుస్తుంది. లెక్కలు వద్దని ఎవరూ అనలేదు. తర్వాత ఏడాది పదకొండేళ్ల పిల్ల ఒకతి చదరంగం పోటీల రేటింగు ఎలా లెక్కకడతారో తెలుసుకోవాలని అదే మాస్టారు దగ్గర కూర్చుంది. ఈసారి హాజరు పట్టీ లేదు.

నిజానికి పిల్లల్ని బడి బయట గుంపుగా చేర్చడం తెలుగువాళ్లకు కొత్త కాదు. రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. మద్రాసు రేడియోలో, తర్వాత హైదరాబాద్ రేడియోలో పిల్లల చేత పాడించారు, ఆడించారు, నాటకాలు వేయించారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. రేడియో వినడంతో ఆగకుండా ఊళ్లలో పిల్లలు తమంతట తాము బాలానంద సంఘాలు పెట్టుకునేలా ప్రోత్సహించారు. ఆ సంఘాల్లో తరగతుల గోడల్లేవు. చిన్నాపెద్దా పిల్లలు కలిసి పాట కట్టుకునేవారు. అలాంటి సంఘాల్లో పెరిగి కళల్లోకి వచ్చినవాళ్లు మన పాత తరంలో కనిపిస్తారు. ఈనాడు అపార్ట్‌మెంట్‌లో నలుగురు పిల్లల్ని కూడగట్టలేక అవస్థపడే తల్లికి ఆ చరిత్ర తెలిస్తే కొంత బలం వస్తుంది. విదేశాల్లోని తెలుగువాళ్లు కూడా ఈ పని చేస్తూనే ఉన్నారు. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన సిలికానాంధ్ర మనబడి వారాంతాల్లో తల్లిదండ్రులే స్వచ్ఛందంగా గురువులై పిల్లలకు తెలుగు నేర్పే ఉద్యమం. అది బడి పద్ధతిలోనే నడుస్తుంది, పరీక్షలూ ఉంటాయి. అయినా జీతం లేకుండా ఇంత మంది పెద్దలు వారం వారం పిల్లల కోసం ఒకచోట చేరగలరని అది రుజువు చేసింది.

గుంపు ఎందుకంత అవసరమో పీటర్ గ్రే అధ్యయనాల్లో ఒక చోట స్పష్టంగా తెలుస్తుంది. ఆయన బోస్టన్ కాలేజీ మనస్తత్వ శాస్త్రవేత్త. జినా రైలీతో కలిసి 232 అన్‌స్కూలింగ్ కుటుంబాల అనుభవాలు సేకరించి 2013లో ప్రచురించాడు. ఆ తర్వాత, అలా పెరిగి పెద్దవాళ్లయిన 75 మందిని అడిగి చూశాడు. వాళ్లలో నూటికి 83 మంది ఏదో ఒక రకమైన ఉన్నత విద్యలోకి వెళ్లారు. ఎక్కువమంది తాము పెరిగిన తీరు పట్ల సంతోషంగానే ఉన్నారు. ముందుకొచ్చి చెప్పినవాళ్ల మాటలే కాబట్టి అందరికీ వర్తిస్తాయని అనలేం, గ్రే కూడా ఆ పరిమితిని ఒప్పుకున్నాడు. అయితే తమ బాల్యం పట్ల తీవ్రంగా బాధపడ్డవాళ్లు ఆ 75 మందిలో ముగ్గురున్నారు. వాళ్ల కథలు దాదాపు ఒకటే. తల్లి మానసిక ఆరోగ్యం బాగాలేదు. తండ్రికి పట్టింపు లేదు. ఇల్లు లోకం నుంచి తలుపులు మూసుకుంది. ఆ పిల్లలకు బడి లేదు, నలుగురూ లేరు. నాయనమ్మ అడిగిన ప్రశ్న ఎంత సరైనదో ఆ ముగ్గురినీ తలచుకుంటే అర్థమవుతుంది. బడి నుంచి బయటికి తెచ్చి ఇంట్లో పెట్టి తలుపేసుకోవడం స్వేచ్ఛ కాదు.

మన దేశంలో చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21ఏ అధికరణం వచ్చింది. దాని ప్రకారం తెచ్చిన విద్యాహక్కు చట్టం 2009 నాటిది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అని అది చెబుతుంది. పిల్లల్ని దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ అంటుంది, చేర్చకపోతే వాళ్లకు ఫలానా శిక్ష అని చట్టంలో లేదు. ఇంటి చదువు అన్న మాట అందులో ఎక్కడా లేదు. 14 ఏళ్లు నిండినవాళ్లు జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా, రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఓపెన్ స్కూళ్ల ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. కోడలి దగ్గర పరీక్షకు జవాబుందన్నది అందుకే. దేశవ్యాప్తంగా ఇలాంటి కుటుంబాలను కలిపే స్వశిక్షణ్ అనే సంఘం ఉంది. ఉదయ్‌పూర్‌లో 1998 నుంచి పనిచేస్తున్న శిక్షాంతర్ బడి బయటి చదువు గురించి ఎంతో మందిని ఒకచోట చేర్చింది.

చట్టం కన్నా లోతైన ప్రశ్న పంక్చర్ షాపు దగ్గర ఎదురైంది.

బుధవారం గుంపులో సైకిలు పిచ్చి ఉన్న పిల్లలు ముగ్గురున్నారు. పార్కు గేటు పక్క పంక్చర్ షాపు వాళ్లకు తరగతి గది కన్నా నచ్చింది. షాపాయన ట్యూబులో గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచుతాడు. బుడగలు ఎక్కడి నుంచి వస్తే అక్కడ వేలు పెట్టి పట్టుకుంటాడు. తడి తుడిచి, ఆ చోట గరుకు రేకుతో గీకి, సొల్యూషన్ రాసి ఊదుతాడు. "ఎందుకు గీకుతున్నారు అంకుల్?" అని మన ఎనిమిదేళ్ల పిల్ల. "నున్నగా ఉంటే అంటుకోదమ్మా, గరుకుగా ఉంటే పట్టు దొరుకుద్ది." ఇలిచ్ చెప్పిన, పని తెలిసినవాళ్ల చిరునామా ఇదే. పిల్లలు అక్కడ గంటలు గంటలు కూర్చునేవారు.

అదే షాపులో ఇంకో పిల్లాడున్నాడు. షాపాయన అక్క కొడుకు. పన్నెండేళ్లుంటాయి. ఆరో తరగతి మధ్యలో ఆపేసి ఊరి నుంచి వచ్చాడు. పానా అందించేది వాడే, టీ తెచ్చేది వాడే, తొట్టిలో నీళ్లు మార్చేది వాడే. మన పిల్లలు అడిగే ప్రశ్నలన్నిటికీ వాడికి జవాబులు తెలుసు. వాళ్లు పార్కులోకి పరుగెత్తితే వాడు చూస్తూ ఉండిపోయేవాడు.

బడి బయట ఉన్న పిల్లలు. తెలుగు నేల మీద ఈ మాటకు పాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ ఒక్కటే మాట పట్టుకుని పనిచేసింది. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లాడూ బాలకార్మికులే అని. పొలంలో, పశువుల వెంట, ఇంటి చాకిరీలో, ఎక్కడున్నా సరే. శిబిరాలు పెట్టి, ఇళ్లిళ్లూ తిరిగి, తల్లిదండ్రులను ఒప్పించి వేల మంది పిల్లల్ని పని నుంచి బడికి చేర్చింది. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు 2007లో ఆమే మొదటి అధ్యక్షురాలు. బడి అనేది తరాల తరబడి దక్కని కుటుంబాలకు మొదటిసారి దక్కిన చోటు అది. అక్కడ బడి మానడం స్వేచ్ఛ అంటే వినేవాళ్ల గుండె భగ్గుమంటుంది, మండడం న్యాయం కూడా.

ఆ బుధవారం పెద్దల మధ్య మాటలు పెరిగాయి. వాడిని బడిలో చేర్పించమని షాపాయనకు చెబుదామని మన తల్లి అంది. "మన పిల్లల్ని బడి నుంచి తెచ్చుకుని వాడిని బడికి పొమ్మని ఏ ముఖంతో చెబుతాం?" అని ఇంకో తల్లి అడిగింది. ఆమె బాధలో నిజాయితీ ఉంది. అయినా రెండూ ఒకటి కావు. మన పిల్లకు బడి వద్దనుకుంటే ఇల్లుంది, పుస్తకాలున్నాయి, ఆరు ఇళ్ల పెద్దలున్నారు, రేపు బడి కావాలంటే మళ్లీ చేరే దారుంది. వాడికి బడి పోతే మిగిలింది పానా ఒక్కటే. వాడు ఎంచుకున్నదేమీ లేదు. ఎంచుకోగలగడమే ఈ మొత్తం వ్యవహారానికి ప్రాణం, అది లేని పిల్లాడికి ముందు బడి కావాలి. ఈ మాట ఒప్పుకోలేని అన్‌స్కూలింగ్ గుంపు డబ్బున్న కొన్ని ఇళ్ల కాలక్షేపంగా మిగిలిపోతుంది.

షాపాయన చెడ్డవాడు కాదు. "వాళ్లమ్మతో మాట్లాడాలి మేడం" అన్నాడు. మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది. టీసీ తెప్పించడానికి ఇంకో నెల. జూన్‌లో పిల్లాడు దగ్గర్లోని ప్రభుత్వ బడిలో మళ్లీ ఆరో తరగతిలో చేరాడు. సెలవు రోజుల్లో ఇప్పటికీ షాపులో కనిపిస్తాడు.

చెప్పుకోవలసిన మరో బరువు ఉంది, అది తల్లుల మీద పడుతోంది. ఆరు ఇళ్లలో ఐదు ఇళ్ల ఆడవాళ్లు ఉద్యోగం మానేశారు లేదా సగానికి తగ్గించుకున్నారు. పార్కు రోజున డబ్బాలు సర్దేది, ఎవరింట్లో ఎవరికి జ్వరమో కనుక్కునేది, అలిగిన ఇంటిని బతిమాలేది వాళ్లే. హోల్ట్ పత్రికకు వచ్చిన ఉత్తరాల్లోనూ ఎక్కువ తల్లులవే. నలుగురిని కూడగట్టడం అనే పనికి జీతం లేదు, పేరు కూడా లేదు. ఈ గుంపులో నెలకు రెండు బుధవారాలు తండ్రులే పిల్లల్ని తేవాలని నియమం పెట్టుకున్నారు. మొదట్లో ఇద్దరే వచ్చారు. వచ్చిన ఇద్దరిలో ఒకాయనకు గాలిపటం కట్టడం వచ్చని ఆ రోజు దాకా ఇంట్లోవాళ్లకే తెలియదు.

ఇంతకన్నా పెద్ద మార్పు పిల్లలు తెచ్చారు. పదకొండు గంటలకు కలుసుకోవడం పెద్దలకు సుఖం. పార్కు ఖాళీగా ఉంటుంది, ట్రాఫిక్ ఉండదు. అయితే పదకొండింటికి వచ్చేది బడి మానిన పిల్లలే. "బస్సులో వెళ్లే వాళ్లు మనతో ఎప్పుడు ఆడతారు?" అని ఎనిమిదేళ్ల పిల్ల అడిగింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పాత స్నేహితురాళ్లంతా ఆ బస్సుల్లోనే ఉన్నారు మరి. ఒకటిన్నర ఏడాదిగా పెద్దలకు తట్టని సంగతి. బుధవారం వేళ నాలుగున్నరకు మారింది.

నాలుగున్నరకు పార్కు వేరుగా ఉంటుంది. బస్సులు దిగిన పిల్లలు సగం నలిగిన యూనిఫారాల్లో వస్తారు. తిండి డబ్బాలు తెరుచుకుంటాయి. అరుపులకు మర్రిచెట్టు మీది గోరింకలు లేచి పక్క చెట్టు మీదికి పోతాయి. నాయనమ్మ కూడా ఇప్పుడు వస్తోంది, చెట్టు చుట్టూ కట్టిన గట్టు మీద కూర్చుంటుంది. ఒక వారం ఆవిడ పిడికెడు చింతగింజలు తెచ్చింది. వాటిని ఒక వైపు బండ మీద నూరితే నలుపు పోయి తెలుపు బయటపడుతుంది. పిల్లలు అరచేతులు మండేదాకా నూరారు. అష్టాచెమ్మా ఆడదామని ముగ్గురు కూర్చున్నారు గానీ గళ్లు ఎలా గీయాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అడ్డంగా ఐదా, ఆరా అని వాదులాడుకుంటున్నారు.

ప్రభుత్వ బడి యూనిఫారంలో పంక్చర్ షాపు పిల్లాడు అప్పుడే వచ్చాడు. సంచీ చెట్టు మొదట్లో పెట్టాడు. ఇటుక ముక్క ఒకటి ఏరి తెచ్చి, ఎవరినీ అడగకుండా, గట్టు కింద బండ మీద ఐదు గళ్లు అడ్డం, ఐదు గళ్లు నిలువు గీసి, నాలుగు వైపులా మధ్య గళ్లలో, నట్టనడి గడిలో ఇంటూ గుర్తులు పెట్టాడు.

"ఈ గళ్లలో ఉంటే ఎవరూ చంపకూడదు" అని చెప్పి, నాలుగో వైపు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చున్నాడు.

"ముందు ఎవరేస్తారు?" అంది నాయనమ్మ.